డ్రైవర్ని తీసేయ్

నోరున్నవాడిదే రాజ్యం అంటారు. మాస్టారి నోరు ఆయన చక్రాల కుర్చీకి బిగించిన చిన్న బల్ల మీద ఉంటుంది. అదొక లాప్‌టాప్. పక్షవాతం వచ్చి కాళ్ళనీ, చేతుల్నీ, గొంతునీ ఊడ్చుకుపోతూ కుడిచేతి చూపుడువేలు ఒక్కటి మాత్రం మర్చిపోయినట్టు వదిలేసి పోయింది. ఆ వేలితో మీట నొక్కితే తెర మీద అక్షరాలు వరసకడతాయి, వాటిని ఆ పెట్టె పైకి చదువుతుంది. గొంతు అచ్చం వార్తలు చదివేవాడి గొంతే. ప్రేమగా పలకరించినా, నిలువునా తిట్టినా ఒకటే రాగం. అయినా మాస్టారికి అదంటే ప్రాణం. రోజూ వాడే మాటలు, ఇంట్లోవాళ్ళకి పెట్టుకున్న ముద్దుపేర్లు, ఎప్పుడేం అనాలో ముందే కూర్చి దాచుకున్న వాక్యాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఒక్క వేలితో పోగేసుకున్న మాటలవి.

ఆ రోజు పొద్దున ఆ నోరు తెరుచుకోలేదు. మీట నొక్కగానే కంపెనీ బొమ్మ వచ్చింది. కింద చుక్కలు గుండ్రంగా తిరిగాయి. ఉన్నట్టుండి తెరంతా నీలంగా మారి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు ఏడ్చి, దానంతటదే ఆరిపోయి మళ్ళీ మొదటికొచ్చింది. మళ్ళీ బొమ్మ, మళ్ళీ చుక్కలు, మళ్ళీ నీలం.

మాస్టారి భార్య కళ్ళజోళ్ళ షాపులో పనిచేస్తుంది. అప్పటికే ఆలస్యమై, ఒక చెప్పు వేసుకుని రెండో చెప్పు వెతుక్కుంటోంది. తెర చూసి నిట్టూర్చింది.

"సాయంత్రం వచ్చి చూద్దామండీ. కాస్త ఓపిక పట్టండి," అని భర్త భుజం నిమిరి, మెట్ల వైపు తిరిగి, "అన్నయ్యగారూ, నేనొచ్చేదాకా దాన్ని ముట్టుకోకండి," అని గట్టిగా చెప్పి వెళ్ళిపోయింది.

ముట్టుకోవద్దంటే ముట్టుకోకుండా ఉండే రకం కాదు ఆ అన్నయ్యగారు. ఆయన మాస్టారికి బావ, అక్క మొగుడు. అక్క పోయి చాలాకాలమైంది గానీ బావ మాత్రం పైవాటాలోంచి పోలేదు. బావగారు అని 'గారు' తగిలిస్తున్నానంటే అది నోటి అలవాటు, గౌరవం అనుకునేరు. వచ్చాడు, పోయాడు అనే అంటాను. అంతకంటే నా నోరు పెగలదు. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడు అని సామెత ఉంది కదా. బావ ఏం కోరతాడో ఆ సామెత కట్టినవాళ్ళు చెప్పకుండా తప్పించుకున్నారు.

అసలు పెట్టెకి ఈ రోగం తెచ్చిపెట్టినవాడు ఆయనే. ముందు రోజు భార్య మాస్టారిని స్నానానికి తీసుకెళ్ళినప్పుడు ఆ పెట్టె ముందు కూర్చుని కొత్త యాంటీవైరస్ ఒకటి ఎక్కించాడు. అందులో ఒకటి ముందే ఉంది, దాని పని అది చేసుకుంటోంది. మాస్టారు బయటికి రాగానే, "నీ పెట్టెకి ఇంకో కాపలావాణ్ణి పెట్టాను. ఇద్దరుంటే దొంగ భయం ఉండదు," అన్నాడు ఘనకార్యం చేసినట్టు.

మాస్టారు గబగబా మీట నొక్కారు. "తీసేయండి బావగారూ, రెండూ కొట్టుకుంటాయి," అని చదివింది పెట్టె.

"ఊరుకో. లోకంలో నీకొక్కడికే తెలుసు అన్నీ," అంటూ బావగారు లాప్‌టాప్ మూత వేసేశాడు. ఆయనకి మాట నచ్చకపోతే అదే పద్ధతి. ఎదుటివాడి నోటికి మూత ఉండి, వేసెయ్యడానికి వీలుగా ఉంటే ఇంకేం కావాలి?

ఇంతకీ మాస్టారు మాస్టారెందుకయ్యారంటే, కంప్యూటర్ రిపేరు నేర్పే సంస్థలో పాఠాలు చెప్పేవారు. లేవని కంప్యూటర్‌ని ఎలా లేపాలి అన్నది ఆయన ప్రత్యేకం. పొద్దున ఆ నీలం తెర కిందివైపు ఉన్న చిన్న ఫైలు పేరు చూడగానే కథంతా తెలిసిపోయింది. ప్రతి యాంటీవైరస్‌కీ డ్రైవర్ అని ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుంది. కంప్యూటర్ ఇంకా కళ్ళు నులుముకుంటూ ఉండగానే అది ముందుగా లోపలికొచ్చి గుమ్మం పట్టుకుని నిలబడుతుంది, వచ్చేపోయే ప్రతి ఫైలునీ తనిఖీ చేస్తుంది. ఒక గుమ్మానికి అలాంటివాళ్ళు ఇద్దరైతే ఒకడికొకడు దొంగలా కనబడతాడు. వాడి కాలరు వీడు, వీడి కాలరు వాడు పట్టుకుంటే ఇంటాయన బయటే నిలబడాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని చదువురానివాళ్ళకి కూడా తెలుసు. కొత్తగా వచ్చిన డ్రైవర్ని తీసేస్తే కంప్యూటర్ లేస్తుంది, అంతే సంగతి.

అంతే సంగతి, కానీ చెప్పేదెలా?

భార్య అటు వెళ్ళగానే బావగారు ఇటు దిగాడు. చేతిలో టీ గ్లాసు, ఇంకో చేతిలో బిస్కెట్ల పొట్లం. కుర్చీ లాక్కుని మాస్టారి మీదికి వంగి కూర్చున్నాడు. బిస్కెట్ టీలో ముంచి తింటూ, ఆ తడివేళ్ళతోనే మీటలు నొక్కాడు. పొడి కీబోర్డు సందుల్లోకి రాలింది. మెత్తబడ్డ ముక్కొకటి విరిగి మీటల మధ్య పడితే గోటితో తీసి నోట్లో వేసుకున్నాడు. తెర మీద మరక పడిందని ముక్కు తుడుచుకున్న రుమాలుతోనే తుడిచాడు. మాస్టారు చూస్తూ కూర్చున్నారు. మన నోట్లో ఇంకొకడు వేళ్ళు పెట్టి కెలుకుతుంటే ఎలా ఉంటుంది? అలా ఉంది ఆయనకి.

"లాభం లేదు," అన్నాడు బావగారు కాసేపయ్యాక. "వైరస్ వచ్చింది. నేను అందుకే కాపలా పెట్టాను, అయినా వచ్చిందంటే ఎంత పెద్దదో చూడు. ఫార్మాట్ కొట్టేస్తే సరి. మా స్నేహితుడు సాయంత్రం పెన్‌డ్రైవ్ తెస్తాడు."

ఫార్మాట్ కొట్టడం అంటే లోపలున్నదంతా తుడిచిపెట్టడం. ఏళ్ళ తరబడి కూర్చుకున్న మాటలన్నీ పోతాయి. బ్యాకప్ తీసుకోండిరా అని క్లాసులో గొంతు చించుకున్న మనిషే తన మాటలకి బ్యాకప్ తీయించుకోలేదు. ఎవరితో తీయిస్తారు? ఈ తడివేళ్ళతోనా?

ఆయన చూపు మంచం పక్కనున్న అట్ట మీద నిలిచిపోయింది. అది భార్య చేసిన అక్షరాల అట్ట. పైన అచ్చులు, మధ్యలో హల్లులు, అంచుల్లో దీర్ఘాలూ, గుడులూ, కొమ్ములూ, ఒక మూల వత్తు గుర్తు. ఒళ్ళో పెడితే ఆయన వేలితో అక్షరం చూపిస్తారు, ఎదుటివాళ్ళు పైకి చదువుతారు. సరిగ్గా చదివితే కళ్ళు మూస్తారు, తప్పయితే కళ్ళు పెద్దవి చేస్తారు. ఒక్క మాట కూడటానికి ఒళ్ళంతా చెమట పడుతుంది. తెలుగు మరి, ఊరికే లొంగుతుందా? ఒక్క 'డ్రై' అనాలంటే డ కావాలి, వత్తు కావాలి, ర కావాలి, ఐత్వం కావాలి.

"ఏంటీ, ఏమైనా చెప్తావా? సరే కానియ్," అని బావగారు విసుక్కుంటూ అట్ట తెచ్చి ఒళ్ళో పడేశాడు.

మాస్టారు తక్కువ అక్షరాల్లో తేలిపోయే మాట వెతుక్కున్నారు. వెతకనక్కర్లేదు, క్లాసులో ఎన్నో ఏళ్ళు అరిచిన మాటే నాలుక చివర ఉంది. లేవని పెట్టె ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డ ప్రతి విద్యార్థికీ ఆయన చెప్పేది ఒకటే, డ్రైవర్ తీసేయ్. కళ్ళెదుట చెడిపోయిన కంప్యూటర్ ఉంది, ఇంతసేపూ మాట్లాడుకున్నది కంప్యూటర్ గురించే. ఇందులో ఇంకో అర్థం ఎవడికి తోస్తుంది? అదే మొదలుపెట్టారు.

డ, వత్తు, ర దగ్గరికొచ్చేసరికి గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. డ్రైవరు వచ్చాడు. ఇతను మనిషి డ్రైవరు. మాస్టారిని వ్యానులో వ్యాయామం చేయించేచోటికి తీసుకెళ్ళి తీసుకొస్తాడు. తాళాలు చేతిలో పట్టుకుని, "ఇవాళ కాస్త ముందే వచ్చానండీ," అని, అట్ట మీద కదులుతున్న వేలు చూసి మాట ఆపి గౌరవంగా పక్కన నిలబడ్డాడు.

ఆ ఇద్దరి స్నేహం వేరు. రోడ్డు మీద ఎవడైనా అడ్డంగా దూరితే డ్రైవరు పల్లెత్తు మాట అనడు. వెనకనుంచి మాస్టారి పెట్టె, "ఏం నాయనా, కళ్ళు నెత్తికెక్కాయా," అని వార్తల గొంతుతో చదువుతుంది. స్టీరింగ్ మీద పడి నవ్వుతాడు డ్రైవరు. బావగారికి మాత్రం అతనంటే గిట్టదు. ఎందుకంటే ఒకసారి బావగారు మాస్టారి ఎదుటే, "వీడికి బుర్ర కూడా సరిగా పనిచెయ్యట్లేదేమో," అని ఎవరితోనో అంటే, డ్రైవరు మెల్లగా, "ఆయనకి వినపడుతుందండీ," అన్నాడు. అన్నది అంతే. అది ముల్లులా అప్పట్నుంచీ గుచ్చుకునే ఉంది.

"డ్రై... వ... ర్. డ్రైవర్," అని చదివాడు బావగారు. గుమ్మం వైపు ఓ చూపు చూశాడు. ఒక్కసారిగా ఓపిక వచ్చింది. టీ గ్లాసు కింద పెట్టి మరీ వంగాడు. "తర్వాత? త. గుడి దీర్ఘం. తీ. స... సే... య్. తీసేయ్. డ్రైవర్ తీసేయ్." ఆగాడు. మొహం విప్పారింది. "డ్రైవర్ని తీసేయమంటున్నావా?"

మాస్టారు కళ్ళు పెద్దవి చేశారు. ఎంత పెద్దవి చేశారంటే నీళ్ళు తిరిగాయి. కాదు, కాదు, కాదు. కానీ చూసేవాడేడీ? బావగారు అప్పటికే డ్రైవరు వైపు తిరిగిపోయి, "విన్నావుగా. నేనేం అనలేదు సుమా. చూశావుగా, ఆయన వేలే," అంటున్నాడు.

డ్రైవరు కదల్లేదు. "మాస్టారూ, నావల్ల ఏమైనా తప్పు జరిగిందా అండీ?" అన్నాడు.

మాస్టారి గొంతులోంచి ఒక మూలుగు బయటికొచ్చింది. కక్కలేక మింగలేక అంటారే, అది. "బాధపడుతున్నాడు పాపం, మెత్తని మనసు," అని వ్యాఖ్యానం చేశాడు బావగారు. ఆ మాట వినేసరికి మాస్టారికి ఆ మొహం, ఆ మీసం చివర అంటుకున్న బిస్కెట్ పొడి, ఇంక ఒక్క క్షణం చూడబుద్ధి కాలేదు. అసహ్యం వేసి గట్టిగా కళ్ళు మూసుకున్నారు.

"అదిగో, కళ్ళు మూశాడు. ఔనంటున్నాడు," అన్నాడు బావగారు.

ఛీ. ఇంకేం చెప్పను. మాస్టారు కళ్ళు తెరిచేసరికి తాళాలు బల్ల మీద ఉన్నాయి.

"మీరు చెప్పారు కాబట్టి వెళ్తున్నానండీ. ఇంకెవరు చెప్పినా అడిగేవాణ్ణి," అని డ్రైవరు వంగి మాస్టారి పాదం కుర్చీ మెట్టు మీంచి జారిపోతే సర్ది పెట్టి, బయటికి నడిచాడు.

మాస్టారి వేలు అట్ట మీద 'క' కోసం పాకింది. బావగారు అట్ట లాగేశాడు. "చాల్లే, అలసిపోతావు," అని బీరువా పైన పెట్టాడు, తన చేతికి తప్ప ఎవరికీ అందనంత ఎత్తున.

తర్వాత కిటికీ దగ్గర నిలబడి పెన్‌డ్రైవ్ స్నేహితుడికి ఫోన్ చేశాడు. మాస్టారి కుర్చీలోంచి కిటికీ కనబడుతుంది, కిటికీలోంచి గేటు కనబడుతుంది. డ్రైవరు ఇంకా వెళ్ళలేదు. వ్యానులోంచి తన అన్నం డబ్బా, తన చలవ కళ్ళజోడు తీసుకుని, పోతూ పోతూ కుర్చీ ఎక్కించే పలకని గుడ్డతో తుడుస్తున్నాడు.

"నీలం తెరే. ఆ. నిన్ననే కొత్త యాంటీవైరస్ వేశాను... ఏంటీ? డ్రైవరా? కంప్యూటర్లో డ్రైవరేంటి?" అన్నాడు బావగారు ఫోన్లో. చాలాసేపు విన్నాడు. "దాన్ని తీసేయాలా? డ్రైవర్ తీసేయాలి. ఓహో. అలా అంటారా దాన్ని."

ఫోన్ చెవి దగ్గరే ఉంది. గేటు వైపు చూశాడు. డ్రైవరు గుడ్డ దులిపి మడతపెడుతున్నాడు. ఒక్క కేక వేస్తే చాలు. బావగారు మెల్లగా తల తిప్పి మాస్టారి వైపు చూశాడు. ఇద్దరి చూపులూ కలిశాయి.

"ఎండ పడుతోంది," అని కిటికీ తలుపు వేసేశాడు. ఆ కిటికీలోకి ఆ వేళప్పుడు ఎండ రాదు.

ఎన్నో రకాల మనుషుల్ని చూశారు మాస్టారు. తెలివితక్కువవాళ్ళని చూశారు, పొగరుబోతుల్ని చూశారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే ఈ బావనీ ఇన్నేళ్ళు భరించారు. తెలియక చేసింది వేరు. ఇది తెలిసి చేసింది. రోజంతా ఆ మూసిన కిటికీ ముందు కూర్చుని, చల్లారిన అన్నం బావగారు చెంచాతో నోటికందిస్తే తిన్నారు. ఆ చేతి ముద్ద గొంతు దిగలేదు, అయినా మింగారు. మింగకపోతే, 'తిండి కూడా మానేశాడు, ఇంక వీడి పని అయిపోయింది' అంటాడని మింగారు. మనిషిని చూసి ఏవగింపు పుట్టడం ఆయనకి కొత్త. దాన్ని కనీసం ఉమ్మేసే వీలు కూడా లేదు.

సాయంత్రం భార్య వచ్చింది. పెన్‌డ్రైవ్ స్నేహితుడు ఇంకా రాలేదు, అదొక్కటే అదృష్టం.

"వ్యాను గేటు దగ్గరే ఉందేంటి? ఇవాళ వెళ్ళలేదా? డ్రైవరేడీ?" అంది.

"మానిపించాడమ్మా మీ ఆయన. నేను వద్దన్నా వినలేదు," అన్నాడు బావగారు. నరంలేని నాలుక ఎటైనా తిరుగుతుంది. "మౌనం అర్ధాంగీకారం అంటారు చెల్లెమ్మా. ఇక్కడ మౌనం కూడా కాదు, అక్షరం అక్షరం చూపించి మరీ చెప్పాడు."

ఆవిడ భర్త మొహంలోకి చూసింది. ఏం చూసిందో గానీ చేతిసంచీ భుజం మీంచి తీయకుండానే స్టూలు లాక్కుని, ఎక్కి, బీరువా మీద అట్ట దించింది. ఒళ్ళో పెట్టి పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. "చెప్పండి. నాకేం తొందర లేదు."

వేలు క మీద పడింది. పక్కన సున్నా. తర్వాత ప.

"కంప... కంప్యూటర్?"

కళ్ళు మూశారు.

"కంప్యూటరుకీ డ్రైవరుకీ ఏంటండీ సంబంధం?" అని తనే ఆగిపోయింది. ఏళ్ళ తరబడి పక్కగదిలోంచి ఆయన పాఠాలు విన్న మనిషి కదా. "కంప్యూటర్లో డ్రైవరా? దాన్నా మీరు తీసేయమంది?"

ఆయన కళ్ళు మూశారు, మూసిన కళ్ళలోంచి ధారకట్టింది. ఆవిడ అట్ట మీద నుదురు ఆనించింది. లేచి, "అన్నయ్యగారూ, మీరు పైకి వెళ్ళండి," అంది.

"ఫార్మాట్ కొడితే సరిపోయేదానికి..."

"వెళ్ళండి."

తర్వాత మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఆ పెట్టె ముందు కూర్చున్నారు. ముందు కీబోర్డు తిరగేసి దులిపితే గుప్పెడు బిస్కెట్ పొడి రాలింది. ఆవిడ మొహం చిట్లించి గుడ్డతో తుడిచింది. మాస్టారు అట్ట మీద చెప్తారు, ఆవిడ చేస్తుంది. ముందు సేఫ్ మోడ్ ప్రయత్నించారు. అంటే అవసరమైనవాళ్ళని తప్ప ఎవర్నీ పిలవకుండా పెట్టెని లేపడం. ఆ కొత్త కాపలావాడు పిలవకపోయినా వచ్చేశాడు, మళ్ళీ నీలం. బావగారు తెచ్చినవాడు బావగారిలాగే ఉంటాడు మరి.

పదేపదే పడిలేచాక, మరమ్మతు చేసుకుంటావా అని అడిగే పేజీ వచ్చింది. అందులోంచి తెర మీదే ఒక నల్లటి కిటికీ తెరిపించారు మాస్టారు. అక్కడ బొమ్మలుండవు, ఆజ్ఞలు రాయాలి, అవీ ఇంగ్లీషులో. అట్ట మీదేమో తెలుగు.

"రె... న. రన్నా? పరిగెత్తమనా?" కళ్ళు పెద్దవయ్యాయి. "కాదా? రెన్? ఆర్, ఈ, ఎన్?" కళ్ళు మూసుకున్నాయి. "అంటే ఏంటో? పేరు మార్చడమా? తీసేయాలన్నారుగా, పేరు మారిస్తే పోతుందా?"

పోతుంది. పెట్టె నిద్రలేస్తూ కాపలావాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది. ఆ పేరుకి పలికేవాడు లేకపోతే తన దారిన తను లేస్తుంది. కానీ ఫైళ్ళున్న చోటే దొరకట్లేదు. ఆవిడ మామూలుగా ఫైళ్ళుండే అర పేరు, సి, అని కొడితే అక్కడ ఏమీ లేదంటోంది.

మాస్టారి వేలు డ మీదికి, గుడి మీదికి వెళ్ళింది.

"డి? డి అంటే డ్రైవరా?"

కళ్ళు పెద్దవయ్యాయి.

"ఉత్త డి-నా?"

కళ్ళు మూసుకున్నాయి. ఆ నల్ల కిటికీలో ఒక్కోసారి ఇంటి నంబర్లు తారుమారవుతాయి, సి-లో ఉండేది డి-లో కనబడుతుంది. ఆవిడ డి అని కొట్టగానే ఫైళ్ళ పేర్లు బిలబిలమంటూ వచ్చి తెర నిండిపోయాయి. తేదీల వరసలో పెట్టించి, కొత్తగా వచ్చినవాటిని ఆవిడ ఒక్కొక్కటీ పైకి చదివింది. నిన్నటి తేదీ ఉన్న పేరు దగ్గర మాస్టారు కళ్ళు గట్టిగా మూశారు. దాని తమ్ముడొకడు కిందనే ఉన్నాడు, అక్కడా మూశారు. రెండిటి పేర్లూ మార్చింది. పెట్టె ఆర్పి మళ్ళీ వెలిగించింది.

బొమ్మ వచ్చింది. చుక్కలు తిరిగాయి. ఆవిడ ఆయన వేలు పట్టుకుంది. చుక్కలు ఇంకా తిరిగాయి. నీలం రాలేదు. మాస్టారి మాటలన్నీ ఉన్నవి ఉన్నట్టు తెర మీదికొచ్చి కూర్చున్నాయి.

"బావగారిని పిలువు," అన్నది పెట్టె మొట్టమొదట.

బావగారు దిగివచ్చి, వెలిగిన తెర చూసి, "చూశావా, నేను పొద్దున అంత కష్టపడితే ఇప్పటికి దారికొచ్చింది," అన్నాడు.

"నేను తీసేయమంది కంప్యూటర్ డ్రైవర్ని," అన్నది పెట్టె.

"అయ్యో, అలాగా? నాకేం తెలుసు బావమరిదీ, నువ్వు చూపించిందే చదివాను."

"మీకు తెలుసు. మీరు ఫోన్లో మాట్లాడింది విన్నాను. అప్పటికి అతను గేటు దగ్గరే ఉన్నాడు."

బావగారి చెయ్యి అలవాటు కొద్దీ లాప్‌టాప్ మూత మీదికి వెళ్ళింది. అంతకంటే ముందు మాస్టారి భార్య చెయ్యి అక్కడుంది. ఆవిడ చెయ్యి తియ్యలేదు.

"అదికాదు," అన్నాడు బావగారు నేల చూస్తూ. "అప్పటికే అనేశాను కదా. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకుంటే మన మర్యాద ఏం కావాలి, ఒక డ్రైవరు ముందు?"

ఆ 'మన' విని మాస్టారికి ఒళ్ళు జలదరించింది.

భార్య డ్రైవరుకి ఫోన్ కలిపి పెట్టె దగ్గర పెట్టింది. జరిగినదంతా పెట్టె వార్తల గొంతుతో చదివింది. నేనన్నది నిన్ను కాదు, కంప్యూటర్లో డ్రైవర్ని, రేపు వచ్చెయ్యి, అని.



"మాస్టారూ, మీ వేలు నేను కళ్ళారా చూశానండీ," అన్నాడు డ్రైవరు. "ఈ పెట్టె మాటంటారా, మీట ఎవరు నొక్కినా పలుకుతుంది. నామీద జాలితో ఇంకెవరో నొక్కుతున్నారేమో, నాకేం తెలుస్తుంది?"

"నేను ఇక్కడే ఉన్నాను, ఆయనే నొక్కారు," అంది భార్య.

"మీరు మంచివారమ్మా. నాకోసం అబద్ధమైనా చెప్తారు. ఉంటానండీ." ఫోన్ పెట్టేశాడు.

మాస్టారు తెర వైపు చూస్తూ కూర్చున్నారు. నోరు తిరిగొచ్చింది, ఒక్క మాట పోకుండా వచ్చింది. ఏం లాభం? ఆ మనిషి నమ్మింది వేలిని. ఆ వేలిని తప్పుగా చదివింది ఒక నోరు. చదివిన నోరే తప్పు చదివానని చెప్పాలి, ఇంకెవరు చెప్పినా అతనికి అది దయలాగే వినబడుతుంది.

వేలు మీట మీద చాలాసేపు ఆడింది.

"బావగారూ, వ్యాను తియ్యండి. డ్రైవరు ఇంటికి వెళ్దాం. మీరు చెప్పండి, నేను పక్కనుంటాను."

"నేనా? నేనక్కడికి రావడమేంటి? వాడి గుమ్మంలో నిలబడి..."

"వ్యాను తీస్తారా, పైవాటా ఖాళీ చేస్తారా?" అని పెట్టె వాతావరణ సమాచారం చెప్పినంత నిమ్మళంగా అడిగింది.

బావగారు బల్ల మీది తాళాలు తీసుకున్నాడు.

ఇరుకు వీధి. దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. వ్యాను చప్పుడుకి డ్రైవరే తలుపు తీసి వచ్చాడు. కుర్చీ పలక మీంచి దింపడం బావగారికి చేతకాక అడ్డంగా ఇరికిస్తే, అతనే వచ్చి పట్టుకుని దింపాడు. దింపి మళ్ళీ తన గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాడు. లోపల ఎవరో టీవీ గొంతు తగ్గించారు.

"చెప్పండి," అన్నాడు బావగారితో.

బావగారు దగ్గాడు. రుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. "అదేం లేదు... పొద్దున ఏమైందంటే..." అని ఆగిపోయాడు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆగకుండా ఆడే నోరది. పెళ్ళిళ్ళలో, ఆస్పత్రి వరండాల్లో, తెలియని విషయాల మీద కూడా అనర్గళంగా తిరిగే నోరది. ఇప్పుడు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, లోపల్నుంచి ఏమీ రావట్లేదు. మాస్టారి వైపు వంగి గుసగుసగా, "నువ్వే చెప్పెయ్యి బావమరిదీ. నీ మిషను బాగైందిగా," అన్నాడు.

మాస్టారు మీట మీంచి వేలు తీసేశారు.

భార్య కుర్చీ పిడి పట్టుకుని కదలకుండా నిలబడింది. డ్రైవరు గుమ్మంలో ఎదురుచూస్తున్నాడు. బావగారు ఆ మొహం వైపొకసారి, ఈ మొహం వైపొకసారి చూశాడు. ఒక్క మాట బయటికి రావడానికి ఎంతసేపు పడుతుందో మాస్టారికి తెలిసినట్టు అక్కడ ఇంకెవరికీ తెలియదు. ఆయన తొందరపెట్టలేదు.